కాలుగాలిన రాత్రులు: నిలవని కాళ్ళ జబ్బు, మాంట్రియాల్ అధ్యాయం

ఒకచోట కుదురుగా ఉండలేక అటూ ఇటూ తిరిగేవాళ్ళను తెలుగువాళ్ళు కాలుగాలిన పిల్లితో పోలుస్తారు. ఇల్లంతా నిద్రపోయాక పడక మీంచి లేచి, వసారాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ, కాసేపు పడుకుని మళ్ళీ లేచే మనిషిని చూసినప్పుడు ఈ పోలిక నవ్వుతాలుగానే వస్తుంది. ఆ మనిషి కాళ్ళలో ఏం జరుగుతోందో అడిగినవాళ్ళు తక్కువ. అడిగితే వచ్చే జవాబులు కూడా ఒకలా ఉండవు: పీకుతున్నాయి, లాగుతున్నాయి, జివజివలాడుతున్నాయి, పిక్కల లోపల చీమలు పాకుతున్నట్టుంది. రాత్రిపూట మనవణ్ణి పిలిచి కాళ్ళు పట్టమనే నాయనమ్మల్లో కొందరి బాధ కేవలం వయసు తెచ్చిన నొప్పి కాకపోవచ్చు.

వైద్యులు దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. తెలుగులో నిలవని కాళ్ళ జబ్బు అనవచ్చు. దీన్ని గుర్తుపట్టడానికి యంత్రాలు అక్కర్లేదు, చెప్పేది వింటే చాలు. కాళ్ళు కదపాలన్న ఆపుకోలేని కోరిక. అది విశ్రాంతిగా కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో మొదలవడం. నడిస్తే, కదిపితే తగ్గడం. సాయంత్రానికి, రాత్రికి ఎక్కువవడం. ఈ నాలుగు లక్షణాలూ ఉండి, వాటికి కండరాల పట్టేత, కీళ్ళ నొప్పి వంటి వేరే కారణం కనిపించకపోతే జబ్బు ఇదే. కూర్చుని కాళ్ళూపే అలవాటు వేరు. పెద్దలు మందలిస్తే ఆ అలవాటు ఆగుతుంది. ఈ జబ్బున్నవారు కాళ్ళను ఆపినకొద్దీ బాధ పెరుగుతుంది.

ఈ జబ్బుకు మందులు లేని కాలం దాదాపు లేదు. మూడు వందల యాభై ఏళ్ళుగా ఏదో ఒక మందు, ఏదో ఒక మేరకు, పనిచేస్తూనే వచ్చింది. అందువల్ల దీని చికిత్సా చరిత్రలో అసలు ప్రశ్న మందు దొరికిందా లేదా అన్నది కాదు. ఈ రాత్రి సుఖాన్నిచ్చిన మందు పదేళ్ళ తర్వాత ఏం చేస్తుంది? ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే కెనడాలోని మాంట్రియాల్ నగరం మీదుగా వెళ్ళాలి. ఈ జబ్బు చికిత్సను ఒక తరంపాటు శాసించిన ఆలోచన బలపడిన చోట్లలో అది ముఖ్యమైనది.

నల్లమందు, ఇనుము

ఈ జబ్బును మొదట స్పష్టంగా వర్ణించినవాడు ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్. 1672లో లాటిన్‌లో వెలువడిన ఆయన గ్రంథంలోని ఆ భాగం, ఆయన చనిపోయిన పదేళ్ళకు, 1685లో ఇంగ్లీషులోకి వచ్చింది. పడక మీద చేరగానే కాళ్ళూ చేతులూ ఎగిరెగిరిపడి, చిత్రహింసల కొట్టులో ఉన్నవారికన్నా నిద్రకు దూరమయ్యే రోగుల గురించి అందులో రాశాడు. ఒక సంపన్న కుటుంబపు స్త్రీకి నల్లమందు ఇచ్చి నిద్రపట్టించిన సంగతి, నెలల తర్వాత ఆమె ఆ మందును మానగలిగిన సంగతి కూడా చెప్పాడు. అంటే ఈ జబ్బు తొలి వర్ణనలోనే దాని తొలి మందు ఉంది, ఆ మందును ఎన్నాళ్ళు వాడవచ్చన్న ప్రశ్న కూడా ఉంది.

ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాలపాటు ఇది వైద్యుల చూపు నుంచి తప్పించుకుంది. 1861లో జర్మన్ వైద్యుడు విట్‌మాక్ దీనికి పిక్కల ఆందోళన అన్న అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో దీన్ని నరాల బలహీనత కిందో, హిస్టీరియా కిందో జమకట్టారు. రోగికి కాలు నిలవకపోవడాన్ని వైద్యులు మనసు నిలవకపోవడంగా చదువుకున్నారు. ఆ ముద్ర ఇప్పటికీ పూర్తిగా చెరగలేదు.

దాన్ని నరాల జబ్బుగా నిలబెట్టినవాడు స్వీడన్‌కు చెందిన కార్ల్-ఆక్సెల్ ఎక్‌బొమ్. 1944లో తొలి వ్యాసం, 1945లో పూర్తి గ్రంథం ప్రచురించాడు. ఇప్పుడు వాడే పేరు ఆయన పెట్టినదే. రక్తప్రసరణలో లోపమేమోనని ఆయన రక్తనాళాలను వెడల్పు చేసే మందులు వాడి చూశాడు. ఆయన గమనికల్లో కాలానికి నిలిచినది మరొకటి: రక్తహీనత ఉన్నవారిలో, గర్భిణుల్లో ఈ బాధ ఎక్కువ. ఆ దారినే మరో స్వీడిష్ వైద్యుడు నోర్డ్‌లాండర్ 1953లో ఇనుమును నేరుగా సిరలోకి ఎక్కించి, చాలామందికి ఉపశమనం కలిగిందని రాశాడు. రక్తంలో ఇనుము మామూలుగా కనిపించినా శరీర కణజాలంలో కొరత ఉండవచ్చని ఆయన ఊహించాడు. ఆ మాటకు ఉన్న విలువ తెలియడానికి యాభై ఏళ్ళు పట్టింది.

సుబ్బారావు విటమిన్, మాంట్రియాల్ గర్భిణులు

కథ కెనడా చేరింది ఒక విటమిన్‌తో. మాంట్రియాల్‌లో పనిచేసిన నాడీవైద్యుడు బోతెజ్ 1970లలో ఫోలిక్ ఆమ్లం కొరతకూ నరాల బాధలకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించాడు. నిలవని కాళ్ళు కూడా ఆ బాధల్లో ఒకటని ఆయన అభిప్రాయం. గర్భిణుల్లో ఈ రెంటి సంబంధం గురించి 1977లో లాంబర్ట్‌తో కలిసి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశాడు.

ఈ విటమిన్ వెనక తెలుగువారికి పరిచయమైన చరిత్ర ఉంది. బొంబాయిలో నేతమిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను 1928 తర్వాత పరిశోధించిన లూసీ విల్స్, ఈస్టు సారంతో అది నయమవుతుందని చూపింది. ఆ సారంలోని పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ సంస్థలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. భీమవరంలో పుట్టిన ఆ శాస్త్రవేత్త నిలవని కాళ్ళ గురించి ఆలోచించి ఉండడు. అయినా ఆయన బృందం అందించిన పదార్థం మూడు దశాబ్దాల తర్వాత ఈ జబ్బు మీద కూడా పరీక్షకు వచ్చింది. అయితే ఫోలిక్ ఆమ్లం ఈ జబ్బుకు ప్రధాన చికిత్సగా నిలబడలేదు. తర్వాతి మార్గదర్శకాల్లో ఇనుముకు దక్కిన చోటు దానికి దక్కలేదు. దాని పేరు మరుగున పడడానికి మరో కారణం కూడా ఉంది. అప్పటికే మరింత ఘనంగా పనిచేసే మందు ఒకటి రంగం మీదికి వస్తోంది.

దూలగొండి గింజ నుంచి నిద్ర ప్రయోగశాలకు

ఆ మందు లెవోడోపా. మెదడులో డోపమైన్‌గా మారే పదార్థం. 1913లో గుగెన్‌హైమ్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని ఒక రకం చిక్కుడు మొక్కల నుంచి వేరుచేశాడు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి దాన్ని దూలగొండి గింజల నుంచి తీశారు. చేల గట్ల మీద పాకే ఆ తీగ కాయ నూగు తగిలితే ఒళ్ళంతా దురదే. దాని గింజ మాత్రం ఆయుర్వేదానికి పాత నేస్తం.

1960లో వియన్నాలో హార్నికీవిచ్, ఏరింగర్ కలిసి పార్కిన్సన్ రోగుల మెదడులో డోపమైన్ తగ్గిపోయిందని చూపారు. ఆ వెంటనే 1961-62లో రెండు నగరాల్లో వేర్వేరుగా రోగులకు లెవోడోపా ఇచ్చారు. ఒకటి వియన్నా. రెండోది మాంట్రియాల్. అక్కడ ఆంద్రే బార్బో, థియొడోర్ సూర్క్స్, వారి సహచరులు ఆ మందును నోటిద్వారా ఇస్తే కండరాల బిగువు సడలుతోందని గమనించారు. హార్నికీవిచ్ కూడా 1960ల చివర్లో టొరాంటో చేరాడు. డోపమైన్ పరిశోధన కెనడాలో అప్పటికే వేళ్ళూనిందని చెప్పడానికి ఇవి చాలు.

నిలవని కాళ్ళకు ఆ మందు పనిచేస్తుందని మొదట రాసినవాడు టర్కీ వైద్యుడు షెవ్‌కెత్ అక్‌పినార్, 1982లో. అప్పటిదాకా క్లోనజెపామ్ వంటి నిద్రమాత్రలతో నెట్టుకొస్తున్న వైద్యులకు అది కొత్త దారి. మాంట్రియాల్‌లోని సాక్రె-కర్ ఆసుపత్రిలో నిద్ర పరిశోధన సాగిస్తున్న జాక్ మోంప్లేజిర్ బృందం ఆ దారిని రాజమార్గం చేసింది. 1985, 1986ల్లో వెలువడిన వారి పత్రాలు జబ్బు లక్షణాలను, నిద్రలోని కాళ్ళ కదలికలను, లెవోడోపా ప్రభావాన్ని ఒకచోట చేర్చాయి.

మాంట్రియాల్ బృందం ఇచ్చిన గొప్ప సాధనం కొలత. బాధ రోగి చెబితేనే తెలుస్తుంది. దాన్ని లెక్కకు తెచ్చేదెలా? ఈ జబ్బున్నవారిలో ఎక్కువమందికి నిద్రలో ఇరవై, నలభై సెకన్లకోసారి కాలు దానంతటదే ముడుచుకుని విడుస్తుందని 1960ల్లో ఇటలీలోని బొలోన్యా పరిశోధకులు గుర్తించారు. మాంట్రియాల్‌లో ఆ కదలికలను రాత్రంతా లెక్కించడమే కాక, మేలుకుని ఉన్నప్పటి పరీక్ష ఒకటి రూపొందించారు. పడక మీద కాళ్ళు చాచి కూర్చుని, గంటసేపు కదలకుండా మేలుకుని ఉండమంటారు. కాలి కండరాలకు తగిలించిన తీగలు ప్రతి కదలికనూ నమోదు చేస్తాయి. ఆరోగ్యవంతుడికి అది విసుగు పుట్టించే గంట. ఈ జబ్బున్నవారికి అది శిక్ష. కానీ ఆ గంటలోని అంకెలు, హిస్టీరియా అన్న పాత ముద్రకు జవాబు చెప్పాయి.

1997లో ఆ బృందం 133 మంది రోగుల వివరాలు ప్రచురించింది. బాధ మొదలైన సగటు వయసు 27 ఏళ్ళు. 94 శాతం మందికి నిద్రపట్టడమో, పట్టిన నిద్ర నిలవడమో కష్టం. 80 శాతం మందిలో నిద్రలో కాళ్ళ కదలికలు హద్దు మీరాయి. 63 శాతం మంది తమ రక్తసంబంధీకుల్లో కనీసం ఒకరికి ఈ బాధ ఉందన్నారు. అంతకుముందు 1994లో లవీన్య, మోంప్లేజిర్ 2019 మంది కెనడియన్లను విచారించినప్పుడు, 15 శాతం మంది పడుకునే వేళ కాళ్ళు నిలవవని చెప్పారు. ఇలాంటి విచారణల్లో వచ్చే అంకె లక్షణానిదే తప్ప నిర్ధారించిన జబ్బుది కాదు. అయినా బాధ అరుదైనది కాదని అర్థమైంది. బెంగళూరులో జరిగి 2007లో వెలువడిన సర్వేలో జబ్బు 2.1 శాతం మందిలో కనిపించింది.

క్యుబెక్ జనాభా చరిత్ర కూడా పరిశోధనకు కలిసివచ్చింది. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి వచ్చిన కొద్ది వేలమంది సంతతి పెద్ద కుటుంబాలుగా విస్తరించింది. చర్చి రిజిస్టర్లలో వంశవృక్షాలు పదిలంగా ఉన్నాయి. వాళ్ళ భాషలో ఈ బాధకు 'అసహనాలు' అన్న అర్థం వచ్చే వాడుక మాట ఉంది. అంటే వైద్యులు పేరు పెట్టకముందే ఇంట్లో పేరుంది. 2001లో గీ రూలో, మోంప్లేజిర్, వారి సహచరులు ఒక ఫ్రెంచి కెనడియన్ కుటుంబంలో ఈ జబ్బుతో ముడిపడిన తావును పన్నెండో క్రోమోజోమ్ మీద గుర్తించారు. ఈ జబ్బు విషయంలో అలా గుర్తించిన మొదటి తావు అదే. 2007లో జర్మనీ, ఐస్‌లాండ్ పరిశోధనలు మరికొన్ని జన్యువులను చూపించాయి.

మందు జబ్బును పెంచినప్పుడు

లెవోడోపాకు ఒక లోపం మొదట్లోనే తెలిసింది. దాని ప్రభావం కొద్ది గంటలే. పడుకునే ముందు వేసుకుంటే తెల్లవారుజామున బాధ తిరగబెడుతుంది. దీనికి పరిష్కారంగా, ఎక్కువ సేపు నిలిచే, డోపమైన్‌ను అనుకరించే మందులవైపు చూపు మళ్ళింది. 1999లో మోంప్లేజిర్ బృందం ప్రామిపెక్సోల్ అనే మందును పది మందిలో పరీక్షించింది. నాలుగు వారాలు మందు, నాలుగు వారాలు ఉత్తుత్తి మాత్ర; ఎప్పుడు ఏది ఇస్తున్నారో రోగికీ వైద్యుడికీ తెలియదు. ఫలితం అద్భుతం. నిద్రలోని కదలికలు మామూలు స్థాయికి పడిపోయాయి. ఏళ్ళుగా రాత్రిళ్ళు నడిచినవాళ్ళు పడుకున్నారు.

ఆ ఫలితం అబద్ధం కాదు. ఆ తర్వాత వందలమందిలో జరిగిన పరీక్షలు దాన్ని నిలబెట్టాయి. అమెరికాలో రోపినిరోల్‌కు 2005లో, ప్రామిపెక్సోల్‌కు 2006లో ఈ జబ్బుకు వాడేందుకు అనుమతి వచ్చింది. అనుమతికి ఆధారమైన పరీక్షల్లో ఎక్కువ భాగం కొన్ని వారాలవి. జబ్బు మాత్రం దశాబ్దాలది.

1996లోనే బాల్టిమోర్ నుంచి అలెన్, ఎర్లీ ఒక హెచ్చరిక చేశారు. లెవోడోపా వాడుతున్న ఈ జబ్బు రోగుల్లో 82 శాతం మందికి బాధ వింతగా మారిందని చూశారు. రాత్రి పదికి మొదలయ్యేది సాయంత్రం ఆరుకే మొదలైంది. తర్వాత మధ్యాహ్నానికి వచ్చింది. కాళ్ళతో ఆగక చేతులకు పాకింది. కూర్చున్న అరగంటకు వచ్చేది ఐదు నిమిషాలకే వచ్చింది. దీనికి వారు పెట్టిన పేరు ఆగ్మెంటేషన్: మందే జబ్బును ముదిరించడం.

దీనిలోని మోసం సూక్ష్మమైనది. మాత్ర వేసుకున్న గంటలోనే ఉపశమనం వస్తుంది కనుక మందు మేలు చేస్తోందని రోగికి నమ్మకం. బాధ ముందుగా మొదలవుతోంది కనుక జబ్బు పెరిగిందని వైద్యుడి అంచనా. ఇద్దరూ కలిసి మోతాదు పెంచుతారు. అగ్నికి ఆజ్యం పోసినట్టే. కొన్ని నెలలు హాయి. ఆపైన మునుపటికన్నా అధ్వాన్నం. కొత్త మందులకు ఈ దోషం తక్కువనుకున్నారు. పదేళ్ళ రికార్డులు తిరగేసి 2011లో ప్రచురించిన ఒక పరిశీలనలో ప్రామిపెక్సోల్ వాడేవారిలో ఏడాదికి సుమారు 7 శాతం మంది చొప్పున ఈ స్థితికి చేరుతున్నట్టు తేలింది. ఏటా ఏడు అంటే చిన్న అంకెలా ఉంటుంది. పదేళ్ళకు లెక్క కడితే చిన్నది కాదు.

దానికితోడు మరో ప్రమాదం. ఈ మందులు కొందరిలో జూదం, అతిగా కొనుగోళ్ళు, అదుపులేని కోరికలు రేపుతాయి. వాటిని రోగి తన స్వభావ లోపంగా భావించి దాస్తాడు. వైద్యుడు అడిగితే తప్ప బయటపడవు. కాళ్ళ మందుకూ జూదానికీ లంకె ఉంటుందని తెలియనివాడు అడగడు.

2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వెలువడిన పరీక్ష తూకాన్ని మార్చింది. 719 మందిని ఏడాదిపాటు గమనించారు. మూర్ఛకు, నరాల నొప్పికి వాడే ప్రెగబాలిన్ తీసుకున్నవారిలో ఆగ్మెంటేషన్ 2.1 శాతం, ప్రామిపెక్సోల్ ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో 7.7 శాతం. 2016 అంతర్జాతీయ సిఫార్సులు వీలున్నచోట ప్రెగబాలిన్, గాబాపెంటిన్ కోవతోనే మొదలుపెట్టమన్నాయి. 2025 ఆరంభంలో వెలువడిన అమెరికన్ నిద్రవైద్య అకాడమీ మార్గదర్శకాలు ఇంకో అడుగు వేసి, డోపమైన్ మందులను మామూలు చికిత్సగా వాడవద్దని చెప్పాయి. ఒక తరం వైద్యులు మొదటి మందుగా రాసినది పక్కకు జరిగింది.

మళ్ళీ ఇనుము దగ్గరికి

ఈలోగా నోర్డ్‌లాండర్ ఊహకు ఆధారం దొరికింది. 2000లో ఎర్లీ బృందం రోగుల వెన్నుద్రవంలో ఇనుము నిల్వను సూచించే ఫెరిటిన్ తక్కువగా ఉందని చూపింది. రక్తంలో నిల్వ బాగానే ఉన్నా మెదడుకు ఇనుము చాలడం లేదన్నమాట. డోపమైన్ తయారుచేసే ఎంజైముకు ఇనుము అవసరం. డోపమైన్ మందులు ఎందుకు పనిచేశాయో, ఎందుకు మూలాన్ని తాకలేదో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

అందుకే ఇప్పటి చికిత్స రక్తపరీక్షతో మొదలవుతుంది. పెద్దవారిలో ఫెరిటిన్ లీటరుకు 75 మైక్రోగ్రాములు, అంతకన్నా తక్కువ ఉంటే ఇనుము ఇవ్వాలన్నది మార్గదర్శకం. 75-100 మధ్య ఉంటే సిరద్వారా ఇచ్చే ఇనుమును పరిశీలించమంటుంది. ఇక్కడొక చిక్కు ఉంది. కెనడాలోని ఆంటారియోలో పెద్దల ఫెరిటిన్ కింది హద్దును 2024లో 30కి పెంచారు. అంతకుముందు అది ఇంకా తక్కువ. కనుక 40 ఉన్న రోగి చేతికి అంతా మామూలే అన్న నివేదిక వస్తుంది. ఈ జబ్బు దృష్ట్యా అది చాలదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తహీనత అంతా ఇనుము కొరత కాకపోయినా, ఈ అంకె చూశాక తెలుగు స్త్రీ కాళ్ళు పీకుతున్నాయని చెప్పినప్పుడు అడగవలసిన మొదటి పరీక్ష ఏదో వేరే చెప్పనక్కర్లేదు. ఇనుము ఎక్కువైతే ప్రమాదం కనుక పరీక్ష లేకుండా మాత్రలు మింగడం తగదు.

రెండో మెట్టు, బాధను పెంచేవాటిని తొలగించడం. జలుబుకు, నిద్రకు చీటీ లేకుండా దొరికే డైఫెన్‌హైడ్రమిన్ కోవ మాత్రలు, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, దిగులుకు వాడే కొన్ని మందులు, మద్యం, కాఫీ ఈ జాబితాలో ఉన్నాయి. నిద్రపట్టని మనిషి మందుల దుకాణంలో కొనే మాత్రే అతని నిద్ర చెడగొట్టవచ్చు. మూడో మెట్టు గాబాపెంటిన్, ప్రెగబాలిన్. వీటికీ మగత, తూలు, బరువు పెరగడం వంటి ఇబ్బందులున్నాయి. మూత్రపిండాలు బలహీనమైతే మోతాదు తగ్గించాలి. కాలి నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించే పరికరం ఇటీవలి చేర్పు.

ఏదీ పనిచేయనప్పుడు, ముఖ్యంగా ఆగ్మెంటేషన్‌లో చిక్కుకున్నవారికి, తక్కువ మోతాదులో నల్లమందు జాతి మందులు మిగులుతాయి. విల్లిస్ చేతిలోని మందే మళ్ళీ. 2016లో బ్రిటిష్ కొలంబియా మాదకద్రవ్యాల మరణాల వల్ల ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించిన దేశంలో ఆ చీటీ రాయడానికి వైద్యుడి చేయి వణకడం సహజం. కానీ ఆ భయం వల్ల, ఏళ్ళ తరబడి డోపమైన్ మాత్రలు వేసుకుని ఇప్పుడు పగలూ రాత్రీ కూర్చోలేని మనిషికి దారి మూసుకుపోకూడదు. ఆ మాత్రలను ఒక్కసారిగా ఆపడమూ కుదరదు. మెల్లమెల్లగా తగ్గించాలి, చివరి మోతాదు మానేశాక కొన్ని రాత్రులు కంటిమీద కునుకు ఉండదు. అది తెలిసిన వైద్యుడు తోడుంటేనే రోగి ఆ రాత్రులు దాటగలడు.

మాంట్రియాల్ పరిశోధకులు పొరపాటు చేశారని ఈ చరిత్రను ముగిస్తే అన్యాయం. హిస్టీరియా అనిపించుకున్న బాధను వారు కొలిచి చూపారు, కుటుంబాల్లో దాని జాడ పట్టారు, నిద్రలేనివారిని నిద్రపుచ్చారు. వారు చూసినది నిజం. చూసిన కాలం చిన్నది. ఎనభై ఏళ్ళ కిందట ఎక్‌బొమ్ గుర్తించిన రక్తహీనతను, డెబ్భై ఏళ్ళ కిందట నోర్డ్‌లాండర్ ఎక్కించిన ఇనుమును వెనక్కి నెట్టింది కొత్త మందు ఇచ్చిన వేగవంతమైన సుఖమే.

ఈ జబ్బున్న రోగి వచ్చినప్పుడు రాత్రి నిద్ర ఎలా ఉందని వైద్యుడు అడుగుతాడు. మందు మొదలుపెట్టి ఏళ్ళు గడిచినవారిని అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: కాళ్ళు ఇప్పుడు ఎన్ని గంటలకు మొదలవుతున్నాయి? కిందటేడు పదింటికి మొదలైనవి ఈ ఏడు ఏడింటికే మొదలవుతుంటే, పెంచవలసింది మోతాదు కాదు.